పాటని సరిగ్గా జతి మొదటికి తిప్పే బటన్ కావాలి – లినక్స్, వీఎల్‌సీ

మేడమీద_తమ్ముడు:
మా అక్క వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఇంటి మేడ మీద కూచిపూడి నేర్పుతుంది, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా. పాటలన్నీ పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి, లినక్స్ మింట్, వీఎల్‌సీ. జతి (తాళానికి అడుగులు వేసే సొల్లుల వరస) మధ్యలో ఎవరైనా అడుగు తప్పితే అక్క పరుగున వచ్చి మౌస్‌తో ఆ సన్నటి గీత మీద ఎక్కడో నొక్కుతుంది, అది పల్లవిలోకో ఆఖరి తీర్మానంలోకో పోతుంది, మళ్ళీ వెతుకులాట. ఈలోగా పిల్లలు అరమండిలో, అంటే మోకాళ్ళు వంచి సగం కూర్చున్నట్టు, అలాగే నిలబడి ఉంటారు, చిన్నపిల్లలకైతే మోకాళ్ళు వణుకుతుంటాయి, చూడలేకపోతున్నాను.

ప్లేయర్‌సీటీఎల్ (కమాండ్లతో ప్లేయర్లని నడిపే చిన్న ప్రోగ్రామ్) ఇన్‌స్టాల్ చేశా. టెర్మినల్లో పాజ్, ప్లే బాగానే పనిచేస్తున్నాయి. కానీ బ్రౌజర్లో ఏదైనా వీడియో తెరిచి ఉంటే ఒక్కోసారి కమాండ్ దానికి పోతోంది. ఇంకోటి, కింద పోర్షన్లో పసిబిడ్డ ఉంది, అందుకని రాత్రి 8కి పాట ఆగిపోవాలని ప్లే-పాజ్ కమాండ్‌ని క్రాన్‌లో (చెప్పిన టైముకి కమాండ్లు తానే నడిపేది) పెట్టా, అది అసలు పనిచెయ్యదు, లాగ్‌లో ప్లేయర్లేవీ కనపడలేదని వస్తోంది. అదే కమాండ్ చేత్తో కొడితే పనిచేస్తుంది! పాట స్పీడు తగ్గించే దారి కూడా ఉంటే చెప్పండి.

గాజువాక_పెంగ్విన్:
మొదటిది తేలికండీ. లినక్స్‌లో వీఎల్‌సీ, ఫైర్‌ఫాక్స్, క్రోమ్ అన్నీ ఎంప్రిస్ అనే ఒకే పద్ధతిలో డీబస్ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) మీద తమని తాము చూపించుకుంటాయి. మీరు పేరు చెప్పకపోతే ప్లేయర్‌సీటీఎల్ వాటిలో ఏదో ఒకదాన్ని పట్టుకుంటుంది. ప్లేయర్‌సీటీఎల్ అనే మాట తర్వాత హైఫన్ పీ పెట్టి వీఎల్‌సీ అని రాయండి, ఇక వేరేదాని జోలికి పోదు. ప్లేయర్‌సీటీఎల్ హైఫన్ చిన్న ఎల్ కొడితే ఇప్పుడు ఏ ప్లేయర్లు నడుస్తున్నాయో పేర్లు వస్తాయి.

ఇక 8 గంటల పనికి ప్లే-పాజ్ వాడకండి దయచేసి. అది స్విచ్ లాంటిది, ఆ రోజు క్లాసు ముందే అయిపోయి పాట ఆగి ఉంటే సరిగ్గా 8కి అదే మొదలవుతుంది, పసిబిడ్డ లేస్తుంది. ఉత్త పాజ్ అని రాయండి.

రాత్రి_షిఫ్ట్:
క్రాన్ సంగతి నేను చెప్తా, దీనితో నేను రెండు రాత్రులు కొట్టుకున్నాను. మీరు లాగిన్ అయ్యాక డీబస్ అడ్రస్ మీ సెషన్‌కి తెలుస్తుంది, క్రాన్‌కి తెలీదు, ఆ సెషన్ బయట నడుస్తుంది కదా. స్క్రిప్ట్ మొదట్లో డీబస్ సెషన్ బస్ అడ్రస్ అనే వేరియబుల్‌ని ఎక్స్‌పోర్ట్ చెయ్యండి: యూనిక్స్ పాత్ అని రాసి, రన్ ఫోల్డర్లో యూజర్ ఫోల్డర్, దాంట్లో మీ యూజర్ నంబరు, దాంట్లో బస్ అనే సాకెట్. నంబరు మామూలుగా 1000 ఉంటుంది, ఐడీ హైఫన్ యూ కొట్టి ఒకసారి చూసుకోండి.

మృదంగం_మావయ్య:
బాబూ, పది సెకన్లు వెనక్కి తిప్పడం కాదు మీ అక్కకి కావాల్సింది. ఒక్కో జతి ఒక్కో పొడవు, పది సెకన్లు పోతే తాళం మధ్యలో పడుతుంది, పిల్లలు సమం (తాళం మొదటి దెబ్బ) ఎక్కడో పట్టుకోలేరు. జతి మొదలయ్యే చోట ఒక గుర్తు పెట్టుకోవాలి. ప్లేయర్‌సీటీఎల్ తర్వాత పొజిషన్ అని ఊరికే కొడితే ఇప్పుడు ఎన్నో సెకనులో ఉందో చెప్తుంది, దాన్ని ఒక చిన్న ఫైల్లోకి పంపితే అదే గుర్తు. రెండో స్క్రిప్ట్ ఆ ఫైల్ చదివి పొజిషన్‌కి ఆ అంకెనే ఇవ్వాలి, అంతే, ఎన్నిసార్లయినా అక్కడికే వస్తుంది.

స్పీడుకి బస్‌సీటీఎల్‌తో (డీబస్‌కి నేరుగా మాట పంపే కమాండ్) వీఎల్‌సీ రేట్ ప్రాపర్టీని 0.8 చెయ్యి. వీఎల్‌సీ సెట్టింగుల్లో ఆడియో కింద టైమ్ స్ట్రెచింగ్ టిక్ ఉండాలి, మామూలుగా ఉంటుంది, అదుంటే కాలం తగ్గినా శ్రుతి తగ్గదు. టిక్ తీసేస్తే గొంతు బండబారి పిల్లల చెవి చెడుతుంది. 0.7 కన్నా కిందికి పోవద్దు, మృదంగం దెబ్బ మొద్దుబారిపోయి ఎక్కడ పడుతోందో తెలీదు.

మేడమీద_తమ్ముడు:
అందరికీ చాలా థాంక్సండీ. మావయ్యగారూ, గుర్తు ఆలోచన అక్కకి చెప్పగానే ముఖం వెలిగిపోయింది. ఒక వైర్‌లెస్ నంబర్ ప్యాడ్ కొన్నా, కీబోర్డ్ సెట్టింగుల్లో కస్టమ్ షార్ట్‌కట్లు పెట్టా: 5 నొక్కితే గుర్తు, 4 నొక్కితే గుర్తు దగ్గరికి, 0 నొక్కితే పాజ్, 1 కి 0.8 స్పీడు, 3 కి మామూలు స్పీడు. మొదట్లో ఏదీ పనిచెయ్యక టెన్షన్ పడ్డాను, చూస్తే నమ్‌లాక్ ఆపి ఉంది, అది ఆగి ఉంటే 4 కాస్తా ఎడమ బాణం కీ అయిపోతోంది. ఆన్ చేశాక అన్నీ కుదిరాయి.

క్రాన్ కూడా నిన్న 8కి సరిగ్గా ఆపింది. కాకపోతే జతి ఇంకా నాలుగు ఆవర్తాలు (తాళం చుట్లు) ఉందనగా ఆగింది, పిల్లలు "అక్కా, అయిపోలేదు!" అని ఒకటే గోల. 7:55కి వాల్యూమ్ 0.3కి తగ్గేలా ఇంకో లైను రాశా, వినగానే అక్క ముగింపుకి వచ్చేస్తుంది.