గోషామహల్ బారాదరి కింద సొరంగం నిజంగా ఉందా?

బేగంబజార్ వాసి:
హైదరాబాద్‌లోని గోషామహల్ బారాదరి, అంటే పన్నెండు ద్వారాల మండపం, దాని గురించి తెలియనివాళ్ల కోసం ముందు రెండు మాటలు. చివరి కుతుబ్ షాహీ సుల్తాను అబుల్ హసన్, అంటే రామదాసు కథలో మనం వినే తానీషా, అంతఃపుర స్త్రీల కోసం కట్టించిన తోట విడిది అని చెబుతారు. తోట ఎప్పుడో పోయింది. చుట్టూ బజారు పెరిగింది. 19వ శతాబ్దంలో ఆ భవనం ఫ్రీమేసన్లు అనే గోప్యంగా నడిచే సంఘం చేతికి వచ్చింది, ఇప్పటికీ వాళ్ల లాడ్జిగానే, అంటే సమావేశ మందిరంగానే ఉంది. అక్కడి నుంచి ఒకవైపు గోల్కొండకు, ఇంకోవైపు చార్మినార్‌కు సొరంగం ఉందని మా వైపు పుట్టినవాళ్లంతా వింటూ పెరిగాం. ఉందనే నేను నమ్ముతాను. నిప్పు లేనిదే పొగ రాదు. తవ్వి చూడకుండానే లేదని ఎలా తేల్చేస్తారు?

మూసీ ఒడ్డు:
తవ్వకుండా తేల్చలేం, ఒప్పుకుంటాను. కానీ సొరంగం ఉండి ఉంటే ఆనాటి కథ వేరేలా నడిచేది. 1685 అక్టోబరులో ఔరంగజేబు కొడుకు షా ఆలం సైన్యం హైదరాబాద్ మీదికి వచ్చింది. తానీషా రాత్రికి రాత్రి నగరం వదిలి గోల్కొండ కోటలోకి వెళ్లిపోయాడు. ఆ రాత్రి సంగతి మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. పెద్ద పెద్ద అమీర్లు కూడా భార్యాబిడ్డల చేతులు పట్టుకుని, ఆడవాళ్ల ఒంటి మీద సరైన ముసుగైనా లేకుండా, నడిపించుకుంటూ కోట దారి పట్టారట. పరదా దాటి ఎరగని ఇళ్ల ఆడవాళ్లు! అంతఃపుర స్త్రీల కోసమే కట్టిన విడిది కింద సొరంగం అంటున్నారు కదా, మరి అవసరం వచ్చిన ఆ రాత్రి అది ఏమైంది?

బేగంబజార్ వాసి:
అందరికీ తెలిస్తే అది రహస్య మార్గం ఎందుకవుతుంది? సుల్తాను అందులోంచే వెళ్లాడేమో. అమీర్లకు చెప్పాల్సిన పనేముంది?

పాత పటాలు:
నేనూ ఇన్నాళ్లూ బేగంబజార్ వాసి గారి వైపే. ఒక చిన్న సాయం నా నుంచి. 1687లో గోల్కొండ కోట మొఘలుల ముట్టడికి పడిపోయినప్పుడు తానీషా సొరంగంలోంచి ఎందుకు పారిపోలేదని అడుగుతుంటారు. అది సరైన ప్రశ్న కాదు. అప్పటికి నగరం మొఘలుల చేతిలో ఉంది. సొరంగం బయటి కొస నగరంలోనే ఉంటే పారిపోయి తేలేది శత్రువు ఒడిలోకే. కాబట్టి ఆయన పట్టుబడ్డాడన్నది సొరంగం లేదనడానికి సాక్ష్యం కాదు.

మూసీ ఒడ్డు:
మంచి పాయింటే అన్నా, కానీ అది మీకే ఎదురు తిరుగుతుంది. నగరం మొఘలుల చేతిలో ఉంటే బారాదరీ వాళ్ల చేతిలోనే ఉన్నట్టు. అంటే సొరంగం ఒక కొస వాళ్ల దగ్గర ఉందన్నమాట. ముట్టడి ఎనిమిది నెలలు సాగింది. ఆ ఎనిమిది నెలలూ ఇరుపక్షాల బుర్రా భూమి కిందే ఉంది. మొఘలులు గోడల కింద సురంగాలు తవ్వి మందుగుండు కూరారు. లోపలివాళ్లు కనిపెట్టి, ఎదురు తవ్వి, మందు లాగేసి నీళ్లు పోశారు. తీరా అంటిస్తే పేలుడు వెనక్కి తన్ని మొఘల్ సైనికులే చచ్చిపోయారు. బయట కరువు, వాన, మూసీ పొంగు. గుప్పెడు గజాల సురంగం కోసం అంత నష్టపోయినవాళ్లకు కోట లోపలికే పోయే సిద్ధంగా ఉన్న దారి సంగతి ఒక్కడు కూడా చెప్పలేదా?

చివరికి ఏమైంది? 1687 సెప్టెంబరు 21 రాత్రి కోటలోని సేనాధికారి అబ్దుల్లా ఖాన్ పన్నీ లంచం తిని తలుపు తీశాడు. యజమానిని అమ్ముకోవడానికి సిద్ధపడ్డవాడు తలుపు అమ్మాడు, సొరంగం అమ్మలేదు. నాకు ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. తానీషాను దౌలతాబాద్ తీసుకుపోయారు, మిగతా బతుకంతా అక్కడే ఖైదు.

బోరుబండి:
చరిత్ర నాకు అంత తెలియదు, ఈ నగరంలో బోర్లు వేయించడం నా వృత్తి. పైన మట్టి, దాని కింద మొరం అనే గరుకు ఎర్రమట్టి, ఆ కింద గట్టి గ్రానైట్ రాయి. రాయి తగిలితే బిట్టు మీద చేయి పెట్టలేనంత వేడి, ముద్దముద్దగా బూడిద రంగు పిండి పైకి వస్తుంది. యంత్రంతోనే ఇంత కష్టం. బారాదరి నుంచి గోల్కొండకు నేరుగా చూసినా ఏడు కిలోమీటర్లు. రెండు మీటర్ల ఎత్తు, రెండు మీటర్ల వెడల్పు అనుకుంటే 28 వేల ఘనపు మీటర్ల రాయి బయటికి రావాలి, అంటే 70 వేల టన్నుల పైమాట. ఉలీ సుత్తితో! ఆ రాయి ఎక్కడ పోశారు? గాలి కోసం ఎన్ని బావులు తీశారు? మొరంలోనే తవ్వి పైన కమాను కట్టారంటారా, అది ఊరంతా చూస్తుండగా జరిగే పని. చార్మినార్ వైపు కొస అయితే మూసీ కింద నుంచి పోవాలి. 1908 వరదలో ఆ నది ఏం చేసిందో అందరికీ తెలుసు. ఊట నీళ్లు తోడేవాడు లేకపోతే ఒక్క వానాకాలానికే నిండిపోతుంది.

బేగంబజార్ వాసి:
లెక్కలు సరే. మరి జనం చూశామని చెప్పే మెట్లు, ఇటుక కమాన్లు? అవన్నీ కట్టుకథలా? మా తాతలు అబద్ధాలకోరులా?

మూసీ ఒడ్డు:
ఎవరూ అలా అనడం లేదండి. వాళ్లు ఏదో ఒకటి చూసే ఉంటారు. అది నీటి దారి అయి ఉంటుందని నా నమ్మకం. కుతుబ్ షాహీల అసలు నేర్పు నీళ్ల దగ్గర ఉంది. దుర్గం చెరువు నీళ్లు గోల్కొండకు మట్టిగొట్టాల్లో వచ్చేవి. అక్కడి నుంచి రహట్లతో, అంటే నీళ్లు తోడే చక్రాలతో, మెట్టు మెట్టుగా కొండ పైకి తోడేవాళ్లు. గోడల్లో విరిగిన ఆ గొట్టాల నోళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి, లోపల పేరుకున్న సున్నంతో సహా. గోల్కొండ కోటలోని నయా ఖిల్లా భాగంలో పురావస్తు శాఖ తవ్వినప్పుడు తోట కిందంతా కాలువలు, తొట్లు, గొట్టాలు బయటపడ్డాయి. తోట అంటే ఆ రోజుల్లో సగం నీటి కట్టడమే. గోషామహల్ తోటకూ అలాంటిదే ఉండి ఉంటుంది కదా?

దానికి తోడు కప్పేసిన నాలాలు, అంటే మురుగు కాలువలు. 2022 డిసెంబరులో గోషామహల్ చాక్నావాడి దగ్గర రోడ్డు కుంగి బండ్లు, తోపుడుబండ్లు నాలాలో పడ్డాయి. ఆ ఫోటో కింద ఏమీ రాయకుండా ఎవరికైనా చూపించండి, సొరంగం అనే అంటారు.

పాత పటాలు:
ఏడు కిలోమీటర్ల మాట నేను వదిలేస్తున్నా. కానీ భవనం కింద నేలమాళిగ, అక్కడి నుంచి తోటలోని బావికో హమామ్‌కో (స్నానశాలకో) చిన్న దారి ఉండొచ్చు అన్నది మాత్రం వదలను. దాన్ని మీ రాయి లెక్కా కాదనలేదు, ముట్టడి కథా కాదనలేదు. పైగా లోపల ఏం జరుగుతుందో బయటివాళ్లకు తెలియని సంఘం అందులో ఉండటంతో చిన్న దారి పెద్ద సొరంగం అయ్యి ఉంటుంది.

మూసీ ఒడ్డు:
దానికి నా అభ్యంతరం ఏమీ లేదు. భూమి లోపల చూసే రాడార్‌తో ఆ ఆవరణ వరకు సర్వే చేస్తే చాలు, గోడకు గీత కూడా పడదు. లాడ్జివాళ్లు, వారసత్వ శాఖ ఒప్పుకోవాలి, అంతే. బేగంబజార్ వాసి గారూ, మీ వీధి పెద్దలు మెట్లు ఏ మూల చూశామన్నారో, నీళ్ల చప్పుడు వినబడిందో లేదో అడిగి ఇక్కడ రాయగలరా? సర్వే అడుగుతూ పెట్టే అర్జీలో చేరుద్దాం.

బేగంబజార్ వాసి:
అడుగుతాను. సొరంగం ఉందన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. అర్జీలో అది కూడా రాయండి.