డిస్క్ సమస్య: అమ్మకు ఇంజెక్షనా, ఆపరేషనా?

అమ్మకు నడుము దగ్గర ఎల్4-ఎల్5 డిస్క్ (నడుములోని నాలుగో, ఐదో వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు లాంటిది) జారి నరాన్ని నొక్కుతోందని ఎమ్మారైలో తేలింది. నడుము కంటే ఎడమ కాల్లోనే బాధ ఎక్కువ. పిర్ర నుంచి పాదం దాకా ఒకటే లాగుడు, కాసేపు కూడా నిలబడలేకపోతోంది. మాత్రలు, ఫిజియోథెరపీ కొంతవరకే పనిచేశాయి. ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ ఇంజెక్షన్ (వెన్నులో నరాల దగ్గర ఇచ్చేది) చేద్దామని, తగ్గకపోతే మైక్రోడిసెక్టమీ (నరాన్ని నొక్కుతున్న డిస్క్ ముక్కను చిన్న కోతతో తీసేసే ఆపరేషన్) ఆలోచిద్దామని డాక్టర్ గారు అంటున్నారు. ఇంజెక్షన్ వాపును తగ్గిస్తుందే గానీ డిస్క్‌ను సరిచేయదని కూడా ఆయనే చెప్పారు. పాదంలో బలం తగ్గడం, మూత్రం అదుపు తప్పడం లాంటివేవీ లేవు, అదొక్కటే ధైర్యం.

అమ్మకు షుగర్ ఉంది. స్టెరాయిడ్‌తో అది కొన్ని రోజులు పెరుగుతుందట, నా టెన్షనంతా దాని గురించే. షుగర్ ఉండి ఈ ఇంజెక్షన్ చేయించుకున్నవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి: ఉపశమనం ఎన్నాళ్లు నిలిచింది? షుగర్‌ను ఎలా అదుపు చేశారు? నేరుగా ఆపరేషన్‌కే వెళ్లినవాళ్లు మామూలుగా తిరగడానికి ఎంతకాలం పట్టింది?