అప్‌డేట్: డైమెన్షనల్ ఫార్ములాలు బట్టీ పట్టడం మానేశాం

ఫస్ట్ పీయూ (పదకొండో తరగతి) చదివే మా అమ్మాయి డైమెన్షనల్ ఫార్ములాల (ఒక రాశిలో ద్రవ్యరాశి, పొడవు, కాలం ఏ ఘాతాల్లో ఉన్నాయో చెప్పేవి) పట్టిక ఎంత బట్టీ పట్టినా పరీక్షలో తారుమారు చేస్తోందని పోయిన నెల అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్సండీ. "పట్టిక మూసేసి, సూత్రం నుంచి రాబట్టమనండి" అన్న సలహానే పనిచేసింది.

బలమంటే ద్రవ్యరాశి ఇంటూ త్వరణం, కాబట్టి ఎం ఎల్ టీ⁻² (ఎం అంటే ద్రవ్యరాశి, ఎల్ పొడవు, టీ కాలం). దాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం, ఎం ఎల్⁻¹ టీ⁻². ప్లాంక్ స్థిరాంకం కూడా శక్తిని పౌనఃపున్యంతో భాగించి తనే తెచ్చింది: ఎం ఎల్² టీ⁻¹. కోణీయ ద్రవ్యవేగానికీ అదే వచ్చిందని ఎంత సంబరపడిందో!

ఆదివారం బెంగళూరు మారతహళ్లిలోని మా ఇంటి బాల్కనీలో మీటరు దారానికి తాళం కట్టి ఊపాం. అటూ ఇటూ 10 ఊపులకు దాదాపు 20 సెకన్లు పట్టింది. దారం 25 సెంటీమీటర్లకు తగ్గిస్తే సుమారు 10. పొడవు నాలుగో వంతైతే కాలం సగమవుతుంది, అంటే వర్గమూలం లెక్క. డైమెన్షన్లు సరిచూసినా అదే వస్తుంది. లోలకం సూత్రంలో ముందుండే 2పై మాత్రం అలా రాదు, అది ఉత్త సంఖ్య కాబట్టి.

పనికీ టార్క్‌కూ (బలం తిప్పే ప్రభావానికీ) ఒకటే డైమెన్షనల్ ఫార్ములా ఎందుకన్న నా సందేహమూ తీరింది. పని అదిశ (దిశ లేనిది), టార్క్ సదిశ (దిశ ఉన్నది). ఆ తేడా డైమెన్షన్లలో కనపడదు.