ఉద్యమ్ (చిన్న యూనిట్ల సర్కారు రిజిస్ట్రేషన్) పట్టుకుని గవర్నమెంట్ టెండర్లలో దిగాలా, బేగంబజార్ సేటు కింద కుట్టు కూలికే ఉండాలా?

రామంతాపూర్ కుట్టు:
అందరికీ నమస్కారం. మాది రామంతాపూర్‌లో చిన్న యూనిట్. తొమ్మిది మెషిన్లు, ఏడుగురు ఆడవాళ్ళు. హాస్పిటల్ బెడ్‌షీట్లు, దిండు గలీబులు కుడతాం. ఇప్పటిదాకా బేగంబజార్‌లో ఒక సేటు ఆర్డర్ తెస్తాడు, గుడ్డ ఇస్తాడు, పీసుకి 12 రూపాయలు కుట్టు కూలి ఇస్తాడు. అవే బెడ్‌షీట్లు ఆయన హాస్పిటల్‌కి ఎంతకు వేస్తున్నాడో మొన్న బిల్లు చూస్తే తెలిసింది, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సర్కారు బడి యూనిఫాంలు ఎలాగూ మహిళా సంఘాలకే పోతున్నాయి, అది మనకు రాదు. జెమ్ పోర్టల్లో (సర్కారు కొనుగోళ్ళ సైట్) నేరుగా మనమే బిడ్ వేద్దామని నేను. మా ఆయన వద్దంటున్నారు. జీఎస్టీ, ఉద్యమ్ అన్నీ ఆయన పేరు మీదే ఉన్నాయి, కుట్టించేది నేను. ఇందులో దిగి దెబ్బతిన్నవాళ్ళు, నిలబడ్డవాళ్ళు ఇద్దరూ చెప్పండి.

చిక్కడపల్లి ప్రెస్:
అక్కా, వద్దు. మీ ఆయన మాట వినండి.

నేను ఒక ప్రభుత్వ శాఖకి రిజిస్టర్లు, పోస్టర్లు వేసి ఇచ్చాను. 3,60,000 బిల్లు. సరుకు చేరింది, స్టోర్ కీపర్ సంతకం పెట్టాడు, బిల్లు ట్రెజరీకి పోయింది, టోకెన్ నంబర్ కూడా పడింది. ఆ టోకెన్ నంబర్ నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. పదకొండు నెలలు పొద్దున్నే టీ తాగుతూ అదే చూసేవాణ్ణి. వెళ్ళి అడిగితే 'బడ్జెట్ రిలీజ్ కాలేదు' అనే ఒక్క మాట. ఈలోగా నేనేం చేశాను? తర్వాతి నెల 20వ తేదీకల్లా ఆ బిల్లు మీద జీఎస్టీ నా జేబులోంచి కట్టాను. డబ్బు రాకపోయినా పన్ను ఆగదు కదా! పేపర్ షాపు వాడికి నెలనెలా వడ్డీ. చివరికి డబ్బు వచ్చింది, అందులో 2 శాతం జీఎస్టీ టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసి. వాళ్ళు ఆ కోత చూపించే జీఎస్టీఆర్-7 రిటర్న్ వేస్తే గానీ అది మన జీఎస్టీ లెడ్జర్‌లోకి రాదు, దాని కోసం ఇంకో రెండు నెలలు తిరిగాను.

సేటు మోసగాడే కావచ్చు, కానీ శనివారం సాయంత్రానికి చేతిలో పెడతాడు కదా. ఏడుగురికి కూలి మీరు ఏ టోకెన్ నంబర్ చూపించి ఇస్తారు?

చర్లపల్లి లేత్:
ప్రెస్ అన్నా, నీ బాధ నిజమే గానీ దాన్ని అన్ని గవర్నమెంట్లకీ అంటగట్టకు. నీది రాష్ట్ర శాఖ. 2012 నాటి కొనుగోళ్ళ విధానం కేంద్ర మంత్రిత్వ శాఖలకు, కేంద్ర ప్రభుత్వ సంస్థలకు వర్తిస్తుంది. వాళ్ళు ఏటా కొనేదాంట్లో 25 శాతం సూక్ష్మ, చిన్న యూనిట్ల దగ్గర కొనాలి. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీలకు, 3 శాతం మహిళల యూనిట్లకు. ఈఎండీ, అంటే టెండర్ డిపాజిట్, కట్టక్కర్లేదు. రాష్ట్ర టెండర్లో ఉద్యమ్ చూపించి ఈఎండీ మాఫీ అడిగితే నవ్వుతారు, అక్కడ వాళ్ళ షరతులే చదువుకోవాలి.

నేను ఒక కేంద్ర సంస్థకి లేత్ మీద బుష్‌లు (చిన్న లోహపు గొట్టాలు) తిప్పి ఇస్తాను. మొదటి లాట్ 200 పీసులు వెనక్కి వచ్చాయి. రంధ్రం కొలిచే గేజ్‌లో దూరకూడని 'నో-గో' వైపు సాఫీగా దూరిపోయింది, అంతే, ఇన్‌స్పెక్టర్ మాట కూడా మాట్లాడలేదు. నా తప్పే, బోరు లూజయింది. ఆ నష్టం మింగాను. కానీ డబ్బు విషయంలో ఏడిపించలేదు. బిల్లు ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ బిల్లుల సైట్లో పెడతాను, వాళ్ళు ఒప్పుకున్నాక బ్యాంకు వడ్డీ కోసుకుని నాకు ఇచ్చేస్తుంది, గడువుకి సంస్థ బ్యాంకుకి కడుతుంది.

ఇంకోటి. 2006 నాటి చిన్న యూనిట్ల చట్టం ప్రకారం డబ్బు 45 రోజులు దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఇది రాష్ట్ర శాఖకీ వర్తిస్తుంది. నువ్వు ఈ బకాయిల గొడవలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి ఎందుకు పోలేదు?

చిక్కడపల్లి ప్రెస్:
ఎందుకంటే ఆ ఆఫీసులో ఇంకో రెండు బిల్లులు ఉన్నాయి కాబట్టి. నీళ్ళలో ఉండి మొసలితో పగ పెట్టుకోమంటావా? మూడు రెట్ల వడ్డీ రాబట్టినవాడిని ఒక్కడిని చూపించు, నేను వచ్చి నీ లేత్ తుడుస్తా.

ఉప్పల్ చాయ్:
లేత్ తుడిచేటప్పుడు ఫొటో పెట్టు అన్నా.

నారాయణగూడ జీఎస్టీ:
ఇద్దరూ కొట్టుకోండి గానీ మేడమ్‌కి అసలు విషయం ఎవరూ చెప్పలేదు. ముందు మీ ఉద్యమ్ సర్టిఫికెట్ తీసి, మీ పని ఏ రకమో చెప్పే కోడ్ చూడండి. 13తో మొదలైతే బెడ్‌షీట్ల లాంటి తయారీ. 46, 47 మాత్రమే ఉంటే మీరు కాగితం మీద వ్యాపారి. 2021లో వ్యాపారులనీ ఉద్యమ్‌లోకి తెచ్చారు, అది బ్యాంకు అప్పుల వరకే. ఈఎండీ మాఫీ, 25 శాతం ఏవీ రావు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం గొడవలు ఇక్కడే.

ఇక మహిళల 3 శాతం కోసం యూనిట్ మీ పేరుకి మార్చాలన్న ఆలోచన వస్తుంది. ప్రొప్రయిటర్ అంటే పాన్ కార్డే. మీ పాన్ మీద కొత్తది తీస్తే పాత టర్నోవర్, పాత సప్లై కాగితాలు మీ ఆయన దగ్గరే ఉండిపోతాయి. చిన్న యూనిట్లకు అనుభవం, టర్నోవర్ సడలింపు అన్ని బిడ్లలోనూ ఉండదు, కొనేవాడు టిక్ పెడితేనే. ప్రైవేట్ లిమిటెడ్ ఊసు ఇప్పుడు వద్దు.

లేత్ సార్ చెప్పని సంగతి ఒకటుంది. ఎల్1, అంటే అందరికంటే తక్కువ రేటు వేసింది, పెద్ద కంపెనీ అయి 400 వేసిందనుకోండి, 15 శాతం లోపల, అంటే 460 దాకా వేసిన చిన్న యూనిట్‌ని పిలిచి, 400కే ఇస్తే కొంత ఆర్డర్ నీకని అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ బెడ్‌షీట్లలో ఎల్1గా వచ్చేది చాలాసార్లు పానిపట్, ఈరోడ్ చిన్న యూనిట్లే. వాళ్ళూ మీలాంటి వాళ్ళే కాబట్టి ఆ వెసులుబాటు మీకు దొరకదు. రేటు మీద కొట్లాడి గెలవలేరు. హైదరాబాద్‌లోనే డెలివరీ ఉండే చిన్న బిడ్లు చూసుకోండి, అక్కడ లారీ కిరాయి మీకు కలిసొస్తుంది.

చర్లపల్లి లేత్:
పానిపట్ సంగతి ఒప్పుకుంటా. నా లైన్లో ఆ బెడద లేదు, అందుకే తట్టలేదు. అక్కా, మొదటి బిడ్ మాత్రం మూడు నెలలు డబ్బు రాకపోయినా కూలి ఆగనంత చిన్నదే వెయ్యండి. సేటుని ఇప్పుడే వదలకండి.

చిక్కడపల్లి ప్రెస్:
ఆ చివరి మాట నేను మొదట్నుంచీ చెబుతున్నదే.

రామంతాపూర్ కుట్టు:
నారాయణగూడ సార్, మీరు చెప్పగానే బీరువాలోంచి తీశాను. 2022లో ఒక ఏజెంట్ 2,500 తీసుకుని చేయించాడు. కోడ్ 47. బట్టల చిల్లర కొట్టట! మా గల్లీలో కొట్టే లేదు. రిజిస్ట్రేషన్ అసలు ఉచితమని కూడా ఇవాళే తెలిసింది. ఏజెంట్‌కి ఫోన్ చేస్తే 'మార్పించాలంటే 1,500 అవుతుందమ్మా' అన్నాడు. మా ఆయన ఫోన్ లాక్కుని రెండు మాటలు అని పెట్టేశారు. ఇప్పుడు ఆయనే కూర్చుని సైట్లో 13 కోడ్ కలుపుతున్నారు, ఆధార్ ఓటీపీ కోసం చూస్తున్నాం. యూనిట్ ఆయన పేరు మీదే ఉంచుతున్నాం. సేటు గుడ్డ సోమవారం వస్తుంది, అదీ కుడతాం.