లవంగాల సారం తీయడానికి ఏ సాల్వెంట్ (కరిగించే ద్రవం) మంచిది: నీళ్లా, ఇథనాలా, హెక్సేనా?

తార్నాక_ఎమ్మెస్సీ:
అందరికీ నమస్తే. లవంగాల్లోని యాంటీఆక్సిడెంట్ల మీద ప్రాజెక్ట్ చేస్తున్నా. బేగంబజార్‌లో ఒకే షాపులో తెచ్చిన లవంగాలు పొడి కొట్టి, నీళ్లలో, 70 శాతం ఇథనాల్‌లో, హెక్సేన్‌లో విడివిడిగా నానబెట్టి, వడకట్టి, మరిగే వాటర్‌బాత్ మీద ఆరబెట్టాను. తూకంలో నీళ్ల సారమే ఎక్కువ, డీపీపీహెచ్‌లో (యాంటీఆక్సిడెంట్ తగిలితే ఊదా రంగు తగ్గే పరీక్ష) మాత్రం ఇథనాల్‌ది ముందుంది. హెక్సేన్‌ది గుప్పున లవంగం వాసన కొడుతోంది కానీ ఫోలిన్ టెస్టులో (ఫినాల్స్ అనే యాంటీఆక్సిడెంట్ పదార్థాలని నీలి రంగుతో కొలిచేది) రంగే సరిగ్గా రావట్లేదు. వీటిలో ఏది బెస్ట్ అని రాయాలి? వచ్చే వారం గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

ఫైటోకెమ్_అక్క:
తమ్ముడూ, హెక్సేన్‌లో ఏమీ లేదని మాత్రం రాయకు. ఆ వాసన లవంగ నూనెలోని ముఖ్య పదార్థం యూజెనాల్‌ది, అదీ ఫినాలే, మంచి యాంటీఆక్సిడెంటే. ఫోలిన్ టెస్టు నీళ్లలో జరిగేది కాబట్టి నూనెలా ఉన్న సారం అందులో కలవదు, విడిగా ఉండిపోతుంది. ముందు కొంచెం ఇథనాల్‌లో కరిగించి వెయ్యి, బ్లాంక్‌లో (సారం లేకుండా పోల్చడానికి పెట్టే శాంపిల్) కూడా అంతే ఇథనాల్ ఉండాలి. నీళ్లలోకి టానిన్లు, గాలిక్ ఆమ్లం వస్తాయి, వాటితోపాటు చక్కెరలూ ఇంకా పనికిరానివీ దిగుతాయి, తూకం పెరగడానికి అదే కారణం. 70 శాతం ఇథనాల్ ఎందుకు బాగా పనిచేస్తుందంటే, అందులోని నీళ్లు పొడి కణాల గోడల్ని ఉబ్బిస్తాయి, నీళ్లలో సరిగ్గా కరగని ఫినాల్స్‌ని ఆల్కహాల్ లాగుతుంది. అందుకే చాలా మసాలాల్లో వట్టి ఇథనాల్ కంటే నీళ్లు కలిపినదే ఎక్కువ పాలీఫినాల్స్ ఇస్తుంది.

అసలు నాకు ఇబ్బందిగా ఉన్నది ఆ మరిగే వాటర్‌బాత్. లవంగ నూనె తీసేదే ఆవిరితో, మరి నీళ్ల సారాన్ని అలా మరిగిస్తే యూజెనాల్ ఆవిరితో పోక ఏమవుతుంది? ఆల్కహాల్‌ది రోటావాపర్‌లో (తక్కువ ఒత్తిడిలో సాల్వెంట్ ఆవిరి చేసే పరికరం) 40 డిగ్రీల దగ్గర తియ్యి, నీళ్లది వీలైతే ఫ్రీజ్ డ్రై (గడ్డకట్టించి ఆరబెట్టడం) చెయ్యి.

క్యూసీ_జీడిమెట్ల:
అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతా. బెస్ట్ అనే ముందు దేని మీద లెక్క వేస్తున్నావో తేల్చుకో. 10 గ్రాముల లవంగం పొడికి నీళ్ల సారం 3 గ్రాములు వచ్చి, గ్రాముకి 200 మిల్లీగ్రాముల ఫినాల్స్ ఉన్నాయనుకో, మొత్తం 600. ఇంకో సాల్వెంట్‌లో సారం 1 గ్రామే వచ్చి అందులో 400 ఉన్నాయనుకో. గ్రాము సారం లెక్కన రెండోది రెట్టింపు, గ్రాము లవంగం లెక్కన మొదటిదే పైన. రెండు లెక్కలూ టేబుల్లో పెట్టు, ఒక్కటే పెడితే చదివేవాళ్లు తప్పుదోవ పడతారు. డీపీపీహెచ్ నీళ్లలో కరగదు, ఆల్కహాల్ లాంటి సాల్వెంట్లలోనే కరుగుతుంది, అందుకని నీళ్ల శాంపిల్ మరీ ఎక్కువ పోస్తే మసకబారి రంగు కొలిచే 517 నానోమీటర్ల రీడింగే నమ్మడానికి ఉండదు.

తార్నాక_ఎమ్మెస్సీ:
థాంక్యూ అక్కా, అన్నా. పేపర్లలో ఎక్కువగా మెథనాల్ కనిపిస్తోంది, అది కూడా పెట్టనా?

క్యూసీ_జీడిమెట్ల:
పోలిక కోసమైతే పెట్టు. తినే వస్తువులోకి వెళ్లే సారమైతే మాత్రం ఇథనాలే వాడాలని నేను గట్టిగా చెప్తా. ఐసీహెచ్ (మందుల ప్రమాణాలు ఖరారు చేసే అంతర్జాతీయ సంస్థ) గైడ్‌లైన్‌లో మందుల్లో మిగలనిచ్చే పరిమితి మెథనాల్‌కి 3000 పీపీఎం, హెక్సేన్‌కి 290, ఇథనాల్‌కి 5000. సారం ఎక్కడ వాడతారన్నది కూడా సాల్వెంట్ ఎంపికలో భాగమే, ఆ మాట డిస్కషన్‌లో రాయి.

బేగంబజార్_మసాలా:
ఇంట్లో బిర్యానీకి లవంగాలు ముందు నూనెలో వేస్తాం, తర్వాత నీళ్లూ బియ్యమూ పడతాయి, కాబట్టి నూనెలో కరిగేవీ, నీళ్లలో కరిగేవీ రెండూ అన్నంలోకే దిగుతాయి. ఇంకో మాట బాబూ, నూనె తీసేసిన లవంగాలు కూడా మార్కెట్లో కలుస్తుంటాయి. మొగ్గని గోరుతో నొక్కితే నూనె చెమ్మ తగలాలి. అది లేని సరుకైతే ఏ సాల్వెంట్‌లో నానబెట్టినా అంతే, పొడి కొట్టే ముందే చూసుకో.