మంచు ఎత్తిపోసిన చోట కుర్చీ వేస్తే ఆ చోటు సొంతమవుతుందా?

గోదారిగట్టు:
షికాగోలో మాకిది మూడో చలికాలం. పెద్ద మంచు పడ్డాక, వీధిలో తమ కారు చుట్టూ పారతో మంచు ఎత్తిపోసుకున్నవాళ్ళు బయటికి వెళ్ళేటప్పుడు ఆ ఖాళీలో పాత కుర్చీయో, ఇస్త్రీ బల్లో పెట్టి పోతారు. దీన్ని ఇక్కడ ‘డిబ్స్’ అంటారు. ఆదివారం రాత్రి ఎక్కడా చోటు దొరకక, అలాంటి కుర్చీ ఒకటి తీసి నా కారు నిలిపాను. తెల్లవారి చూస్తే ఎవరో కారు మీద నీళ్ళు పోశారు. తలుపు పిడి కనబడకుండా రెండు వేళ్ళ మందాన గడ్డకట్టింది. అందరి పన్నులతో వేసిన రోడ్డు మీద ఒకరికి ఈ హక్కు ఎక్కడిది?

నల్లరేగడి:
నీళ్ళు పోయడం తప్పే, కుర్చీ తీయడమూ తప్పే. 1967 జనవరిలో 23 అంగుళాల మంచు పడి స్తంభించిపోయిన నగరమిది. మంచు తోసే బండ్లు ముందు పెద్ద రోడ్లు చూసుకుంటాయి. మన వీధికి వచ్చాక కూడా ఆ మంచును పక్కకు, అంటే మన కార్ల మీదికే నెడతాయి. దాన్ని రెండు గంటలు ఎత్తిపోసినవారి కష్టాన్ని గౌరవించాలని, మేయరుగా ఉన్నప్పుడు రిచర్డ్ ఎం. డేలీయే ఈ ఆచారాన్ని సమర్థించారు.

వేపచెట్టు:
ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకోవడం లాంటిదే కదండీ.

గోదారిగట్టు:
కాదండీ. తువ్వాలు వేసినవాడు మరుక్షణం ఎక్కి కూర్చుంటాడు. ఈ కుర్చీలు రోజుల తరబడి కదలవు. పైగా ఇది చట్టవిరుద్ధం, నగర సిబ్బందే వచ్చి వాటిని ఎత్తుకుపోతారు. చట్టం చెప్పేది ఇంటి ముందరి కాలిబాట సంగతి: రాత్రి పడిన మంచును ఉదయం 10 గంటలలోపు, 5 అడుగుల వెడల్పున తీయాలి. ఆ కుర్చీవాళ్ళ ఇంటి ముందు కాలిబాటను ఎవరూ ముట్టుకోనేలేదు.

నల్లరేగడి:
కాలిబాట మీదికి మాట మళ్ళించకండి. నేను ఏడో నెల కడుపుతో ఉన్నప్పుడు మా ఆయన తెల్లవారుజామున లేచి చోటు శుభ్రం చేశారు. రోడ్డు అందరిదని మీలాగే నమ్మి, కుర్చీ పెట్టవద్దని నేనే అన్నాను. ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చేసరికి అక్కడ వేరే కారు ఉంది. అద్దంలా గడ్డకట్టిన బాట మీద, కంచెలు పట్టుకుంటూ నాలుగు వీధులు నడిచాను. ఒక్కటి చెప్పండి, మీరు ఈ ఏడాది పార పట్టారా?

శ్రావణమేఘం:
ఆ తలుపు మీద వేడినీళ్ళు మాత్రం పోయకండి, అద్దం పగులుతుంది.

గోదారిగట్టు:
పట్టలేదు, మంచు పడిన వారం నేను ఊళ్ళో లేను. కానీ నా బాధ చోటు గురించి కాదు. ఆ కారు నాదని వాళ్ళకు తెలుసు. తలుపు తట్టి అడిగి ఉంటే అర్ధరాత్రయినా తీసేవాడిని. మూడేళ్ళు పక్కన ఉన్నా, నిలదీసి తిట్టడానికి కూడా నేను వాళ్ళకు మనిషిగా కనబడలేదు.

నల్లరేగడి:
కుర్చీ తీసే ముందు మీరు వాళ్ళ తలుపు తట్టారా?

గోదారిగట్టు:
తట్టలేదు. అప్పటికి పదకొండు దాటింది. ఆ కుర్చీ ఇంకా మా మెట్ల కిందే ఉంది, రేపు తీసుకెళ్ళి ఇస్తాను. రోడ్డు అందరిదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.