కామిక్ బెలూన్‌లో ఒత్తులు కింది లైన్‌కి తగులుతున్నాయి, ఏ ఫాంట్ వాడాలి?

ఫోటోషాప్‌లో తెలుగు కామిక్ పేజీలకు డైలాగులు వేస్తున్నాను. ఏ4 సైజు, 300 డీపీఐ, మండలి ఫాంట్, 9 పాయింట్లు. పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్-రెడీ లేఅవుట్ పెట్టాక ఒత్తులు విడిపోవడం ఆగింది, ఆ టెన్షన్ లేదు.

గొడవంతా లైన్ల మధ్యే. లీడింగ్ (లైన్‌కీ లైన్‌కీ మధ్య దూరం) 11 పెడితే పై లైన్‌లోని ‘కృష్ణ’ కింది ణ ఒత్తు, కింది లైన్‌లోని ‘నీకే’ గుడిదీర్ఘం మీద పడి రెండూ కలిసి నల్లటి ముద్దలా కనిపిస్తున్నాయి. 15కి పెంచితే నాలుగు లైన్ల మాట బెలూన్ దాటేస్తోంది. సైజు 8కి తగ్గిస్తే ప్రింట్‌లో సున్నాలు పూడుకుపోయాయి. రామభద్ర ఫాంట్ మరీ లావు, అరుపులకే బాగుంటుంది. ఒక్కో లైన్‌ను విడి లేయర్‌గా జరిపితే కుదురుతోంది గానీ, పుస్తకం మొత్తానికి అంత ఓపిక ఎవరికుంటుంది!

9 పాయింట్ల సైజులో, 12 లీడింగ్‌కి ఒత్తులు తగలకుండా ఇమిడే ఉచిత యూనికోడ్ తెలుగు ఫాంట్ మీరెవరైనా వాడుతుంటే, అదేదో చెప్తారా?